రోగి లేని సినిమా: గంజాం తీరంలో ఒక కేసు

పేట పేరు, పిల్లల పేర్లు, సంవత్సరం ఇక్కడ రాయడం లేదు. చుట్టరికాలు, ఇంటి గుర్తులు కొన్ని మార్చాను. మారిస్తే అర్థం చెడిపోయేవాటిని పూర్తిగా వదిలేశాను. హెచ్‌ఐవీ మీద షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే యువజన బృందాలు దాదాపు అన్నీ ముందు ఒక రోగి కోసం వెతుకుతాయి. నిజమైన మనిషి దొరక్కపోతే పాత్రను కల్పిస్తాయి. చిన్న ఊళ్లో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదని ఈ కేసు చూపించింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

గంజాం జిల్లా 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. బరంపురం బజారులో ఇప్పటికీ బేరాలు తెలుగులో నడుస్తాయి. గోపాలపురం నుంచి ఆంధ్రా సరిహద్దు దాకా సముద్రం ఒడ్డున తెలుగు మాట్లాడే మత్స్యకారుల పేటలున్నాయి. ఒడియా వాళ్లు వీళ్లను నోళియాలు అంటారు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. దాంతో కుర్రాళ్లకు తెలుగు మాట వచ్చు కానీ తెలుగు అక్షరం రాదు. అమ్మమ్మలకు ఏ అక్షరమూ రాదు. హెచ్‌ఐవీ మీద పనిచేసే మేము ఆంధ్రా నుంచి తెప్పించిన కరపత్రాల కట్ట తుపాను షెల్టర్ అలమరలో తాడు విప్పకుండానే ఉండిపోయింది.

ఈ జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్లేవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. పేటల్లో వలస దారి వేరు. మగవాళ్లు కేరళ, కర్ణాటక, గోవా, గుజరాత్ రేవుల్లో బోట్లెక్కుతారు. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. ఆ రెండు నెలలే పేట నిండుగా కనపడుతుంది. మిగతా కాలమంతా ఆడవాళ్లు, పిల్లలు, వేట మానేసిన పెద్దలు, తమ సొంత తెప్పల మీద వెళ్లే కొద్దిమంది.

ఒడిశాలో హెచ్‌ఐవీ కేసులు ఎక్కువగా నమోదవుతూ వచ్చిన జిల్లాల్లో గంజాం ఒకటి. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఉంది. మందులు ఉచితం. అంటే సేవ దూరమేమీ కాదు, బస్సెక్కితే వెళ్లిపోవచ్చు. అయినా వెళ్లరు.

వచ్చిన సమస్య

మా దగ్గరకు వచ్చినవాళ్లు రీల్స్ తీసే పిల్లలు. పదిహేడు నుంచి ఇరవై మూడేళ్ల మధ్య వయసు, అందులో కొందరు ఆడపిల్లలు. ఒకడు పెళ్లి వీడియోలవాడి దగ్గర లైటు పట్టుకునేవాడు, అదే వాళ్లలో పెద్ద అనుభవం. "ఎయిడ్స్ మీద సినిమా తీస్తాం అక్కా, డిసెంబరు ఒకటిన ఎయ్యాల" అన్నారు. అది ప్రపంచ ఎయిడ్స్ దినం.

వాళ్లకు ఆ ఆలోచన ఊరికే రాలేదు. పేటలో ఒక ఇంటి మీద పుకారు పుట్టింది. ఆ ఇంటి ఆవిడ గంపలో చేపలు తీసుకోవద్దని పక్క ఊళ్లో ఎవరో అన్నారట. చేపల ద్వారా హెచ్‌ఐవీ రాదని వివరంగా చెప్పినా, గంప ఒకసారి తిరిగొచ్చాక ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? పిల్లలకు కోపం వచ్చింది. సినిమాకు అదే మూలం. పద్దెనిమిది నిండని వాళ్ల విషయంలో అమ్మానాన్నల చేత సంతకం పెట్టించుకుని మొదలుపెట్టాం.

మొదటి ప్రయత్నం

కథ మీరు ఊహించగలిగేదే. కుర్రాడు రేవుకెళ్తాడు, స్నేహితులు చెడగొడతారు, జబ్బుతో తిరిగొస్తాడు, చనిపోతాడు, తల్లి గుండెలు బాదుకుంటుంది. ఒక్క చోటే నేను పట్టుబట్టాను: చావు వద్దు. ఇప్పుడు రోజుకో మాత్ర. మూడు మందులు ఆ ఒక్క మాత్రలోనే ఉంటాయి. 2017 నుంచి పాజిటివ్ అని తేలగానే, సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా, మందు మొదలుపెడుతున్నారు. మానకుండా వేసుకున్నవాడు పనికెళ్తాడు, పెళ్లి చేసుకుంటాడు, ముసలివాడవుతాడు. "సావకపోతే సినిమాలో ఏటుంటది అక్కా?" అని దర్శకుడు అడిగాడు. చివరికి చావు తీసేశాడు కానీ ఏడుపు ఉంచాడు. మిగతా కథలో నేను వేలు పెట్టలేదు. మొదటి సినిమా వాళ్ల చేతుల మీదుగా పూర్తి కాకపోతే రెండోది ఉండదు. ముందే దిద్దుకుంటూ పోతే పిల్లలు కెమెరా మనకిచ్చేసి పక్కన కూర్చుంటారు.

డైలాగులు తెలుగులో అనుకుని ఒడియా లిపిలో రాసుకున్నారు. డిసెంబరు 1న షెల్టర్ గోడ మీద తెల్ల దుప్పటి కట్టి వేశారు. జనం బాగానే వచ్చారు. సినిమా ఎవరి కోసం తీశారో ఆ మగవాళ్లు మాత్రం ఆ రాత్రి అరేబియా సముద్రంలో ఉన్నారు.

సగం సినిమాలో ఒక ముసలమ్మ పక్కావిడను అడిగింది: "ఇదెవులి కతే?" పక్కావిడ తడుముకోకుండా ఒక ఇంటి పేరు చెప్పింది.

పుకారున్న ఇల్లు కాదది, ఇంకో ఇల్లు. అక్కడా పెద్దకొడుకు రేవుకెళ్లి చిక్కిపోయి తిరిగొచ్చాడు. పేటలో సగం ఇళ్లలో కథ ఇంతే కదా! పెద్దకొడుకు, రేవు, అప్పు, జ్వరం, తిరుగు ప్రయాణం. ఆ కొలతలతో పాత్రను కుడితే ఎవరో ఒకరికి సరిపోకుండా ఉండదు.

తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది, 2000ల తొలి ఏళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని హోర్డింగులు పెట్టారు. ఆ ప్రచారం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కానీ రాష్ట్రమంతటికీ ఒకే పులిరాజా కాబట్టి ఆయన ఎవరికీ చుట్టం కాలేదు. అందరూ ఒకే కులం, ప్రతి ఇల్లూ ఇంకో ఇంటికి వియ్యం అయిన పేటలో ఎవరికీ చుట్టం కాని పేరు ఎక్కడ దొరుకుతుంది?

సర్దుబాటు

అప్పటికే వీడియో వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. ముందున్న దారులు మూడు. ఒకటి, మైకులో "ఇది కల్పితం, ఆ ఇంటి కథ కాదు" అని చెప్పడం. ఇల్లు గురించి తెలియనివాళ్లకు కూడా తెలిసిపోతుంది కాబట్టి వద్దనుకున్నాం. రెండోది, ఏమీ అనకుండా ఊరుకోవడం. ఆ ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి, ఊరుకుంటే కుదరదు. చట్టం సాయం చేస్తుందా అని చూశాను. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదంటుంది. ఇక్కడ బయటపడ్డ నిజమంటూ ఏమీ లేదు, ఉన్నదల్లా ఊహ. ఊహించే నోటికి ఏ సెక్షనూ అడ్డం పడదు.

మూడో దారి పిల్లలే కనిపెట్టారు. షూటింగ్‌లో పాడైపోయిన ముక్కలన్నీ కలిపి ఇంకో వీడియో చేశారు. హీరో మొహానికి పౌడరు పూసి పాలిపోయినట్టు చేయడం, తల్లి వేషం వేసిన పిన్ని ఏడవాల్సిన చోట నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకోవడం, మంచం విరిగి రోగి ఇసకలో పడటం. అది సినిమా కంటే ఎక్కువ తిరిగింది. పేట మాట "ఎవరి కథ" నుంచి "పిన్ని ఎలా నవ్విందో చూశావా" మీదికి మళ్లింది. పుకారు పూర్తిగా పోయిందని చెప్పను, పలచబడింది. అసలు సినిమాను ఆ తర్వాత ఎక్కడా వేయలేదు. ఆపేస్తున్నామని ప్రకటించనూ లేదు, ఎందుకంటే ప్రకటిస్తే కారణం అడుగుతారు.

ముఖం మసకచేస్తే సరిపోతుందా

తర్వాత ఆలోచన: కల్పన వద్దు, హెచ్‌ఐవీతో బతుకుతున్న మనిషి చేతే మాట్లాడిద్దాం, ముఖం కనపడకుండా బ్లర్ చేద్దాం. టీవీల్లో చేసేది అదే కదా అన్నారు. ఒకావిడ మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నారు కూడా. ఆవిడను అడిగే ముందు మన మీద మనం చేసి చూద్దామన్నాను.

బృందంలోని ఒక అమ్మాయి వెనక్కి తిరిగి కూర్చుని వంట గురించి నాలుగు మాటలు చెప్పింది. ముఖమే కాదు, తల మొత్తం మసకచేశారు. గొంతు కూడా యాప్‌లో బొంగురు చేశారు. ఆ ముక్కను వల బాగుచేస్తున్న చోట ఇద్దరు ఆడవాళ్లకు చూపించారు. వాళ్లలో ఒకావిడ ఫోను దగ్గరకు లాక్కుని, "ఆ సెయ్యి తిప్పుడు సూడు, మన ఫలానావాళ్ల గుంట" అనేసింది. రెండో ఆవిడ గోడనున్న క్యాలెండరు చూసి ఇల్లు చెప్పింది. నవ్వుకుంటూ చెప్పారు. పిల్లలు మాత్రం నవ్వలేదు.

వివరంగా తెలిసి ఇచ్చిన ఒప్పుదల ఉంటే చాలదా అని ఒక సహోద్యోగి అడిగారు. ఒప్పుకునే మనిషి తన తరఫునే ఒప్పుకోగలదు. భర్త, పిల్లలు, అత్తవారి ఊరు ఆమె సంతకంలోకి రారు. వీడియో ఎన్నేళ్లు తిరుగుతుందో ఆమెకు గాని మాకు గాని తెలియదు. నగరంలో, తన ముఖంతో, తన ఇష్టంతో మాట్లాడేవాళ్లున్నారు. వాళ్ల ధైర్యం ఈ రంగాన్ని నిలబెట్టింది. కానీ ఈ పేటకు ఆ పద్ధతి కుదరదని తేల్చుకున్నాం. మాట్లాడతానన్న ఆవిడకు ఈ వీడియోనే చూపించి చెప్పాం. ఆవిడ కెమెరా ముందుకు రాలేదు గానీ స్క్రిప్టు చదివించుకుని విని తప్పులు దిద్దారు.

తలుపు దగ్గర

ఈలోగా పిల్లలను ఇంకో పనికి పంపాను: పెద్దవాళ్లకు హెచ్‌ఐవీ గురించి ఏం తెలియదో కనుక్కోమన్నాను. వాళ్లు ఆశ్చర్యపడి తిరిగొచ్చారు. సూది, రక్తం, కండోం లేని కలయిక, తల్లి నుంచి బిడ్డకు, ఇవన్నీ చాలామంది చెప్పేశారు. తెలియనిదల్లా పరీక్ష గది సంగతే. లోపల ఎవరుంటారు? ఏమడుగుతారు? పేరు గట్టిగా పిలుస్తారా? ఫలితం ఎవరి చేతికిస్తారు?

సరే, మీరే చూసి రండని పద్దెనిమిది దాటినవాళ్లను ఒక ఆసుపత్రిలోని ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్ష కేంద్రానికి పంపాను. పరీక్ష చేయించుకోవాలో వద్దో వాళ్లిష్టం. దారి చూసొస్తే చాలు. నలుగురైదుగురు కుర్రాళ్లు, సినిమాలో వీరావేశంతో డైలాగులు చెప్పినవాళ్లే, ఓపీ లైను పక్కన నిలబడి ఫోన్లు చూసుకుంటూ చాలాసేపు గడిపారు. ఐసీటీసీ గది ఎక్కడని కాంపౌండరును అడగాలి, ఆ అడగడమే చేతకాలేదు. చివరికి ఒకడు "టీబీ టెస్టు ఎక్కడ" అని అడిగి, వేరే గదికెళ్లి, అక్కణ్నుంచి వెతుక్కున్నాడు.

తిరిగొచ్చి అతను చెప్పింది విన్నాక స్క్రిప్టు రాసే పని పెద్దగా మిగల్లేదు. జనం భయపడేది సూదికి కాదు, వరండాకు.

రెండో సినిమా

ఇందులో రోగి లేడు. కెమెరాయే మనిషి. ఫోనును గుండె ఎత్తులో పట్టుకుని తీశారు. చూసేవాళ్లే బస్సు దిగుతారు, గేటు దాటుతారు, బెంచీ మీద కూర్చుంటారు. అసలు ఐసీటీసీలో తీయడానికి మేము అనుమతి అడగలేదు. వచ్చిపోయేవాళ్లు ఫ్రేములో పడితే మొదటి సినిమా కంటే పెద్ద తప్పవుతుంది. షెల్టర్ వరండాలో బెంచీ వేసి, గదికి పరదా కట్టి, బోర్డు రాసి సెట్ చేసుకున్నారు. వెళ్లొచ్చిన కుర్రాడు టేబుల్ ఏ వైపు ఉందో, కౌన్సెలర్ కుర్చీ ఎటు తిరిగి ఉందో గుర్తుచేసుకుంటూ సర్దించాడు.

ఫ్రేములో చేతులు మాత్రం కనపడాలి. చీటీ తీసుకోవాలి, రక్తానికి చాపాలి. ఎవరి చేతులు? మళ్లీ అదే చిక్కు. అప్పుడు బృందంలోని ఒక అమ్మాయి షాటుకో చెయ్యి పెడదామంది. బస్సు టికెట్టు పట్టుకున్నది వల తాడు కోసిన గీతలున్న కుర్రాడి చెయ్యి. చీటీ అందుకునేది గాజుల చెయ్యి. రక్తానికి చాపింది పచ్చబొట్టున్న ముసలమ్మ ముంజేయి. ఆవిడ "నా రగతం తీస్తారేటి నిజంగా?" అని అడిగి మరీ చాపింది. ఫలితం అందుకునేది గోరింటాకు చెయ్యి. ఇక "ఇదెవులి కత" అని అడిగినా చెప్పడానికి జవాబు ఉండదు.

కౌన్సెలర్ గొంతు బృందంలోని అమ్మాయిదే. నిజమైన కౌన్సెలర్ దగ్గర కూర్చుని ఏం అడుగుతారో, ఏ వరుసలో అడుగుతారో నేర్చుకుని పేట తెలుగులో చెప్పింది. ఒప్పుకుంటేనే పరీక్ష. మొదటి పరీక్షలో అనుమానం వస్తే, వేర్వేరు కిట్లతో మొత్తం మూడు పరీక్షలు చేసి గాని పాజిటివ్ అని చెప్పరు. ఈ మధ్యే ప్రమాదం జరిగి ఉంటే ఇవాళ నెగెటివ్ వచ్చినా మూడు నెలల తర్వాత మళ్లీ రావాలి. సముద్రపు గాలికి రికార్డింగు పనికిరాలేదు. గొంతంతా ఇంట్లో దుప్పటి కప్పుకుని మళ్లీ చెప్పింది.

ముగింపులు రెండు పెట్టారు. ఒకటి "లేదు", ఒకటి "ఉంది". రెండింటిలోనూ అదే కుర్చీ, అదే గొంతు, సంగీతం లేదు. "ఉంది" అన్న ముగింపే పొడుగు: ఏఆర్‌టీ కేంద్రం, రోజూ మాత్ర, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, రేవుకెళ్లేవాళ్లు అక్కడికి దగ్గరలోని కేంద్రానికి బదిలీ రాయించుకునే పద్ధతి, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 టోల్‌ఫ్రీ నంబరు. మందు మానకుండా వాడి, వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలబడితే, కలయిక ద్వారా భాగస్వామికి సోకదన్న మాటను రెండుసార్లు చెప్పించాం. దిద్దిన ఆవిడ పట్టుబట్టింది ఆ మాట దగ్గరే.

వేయడం

ఈసారి జూన్ నెలాఖరు దాకా ఆగాం. దాతలకు డిసెంబరు 1 ఫొటో కావాలి, దాని కోసం కొంత వాదించాల్సి వచ్చింది. ఆడవాళ్లకు చేపలమ్మి తిరిగొచ్చాక మధ్యాహ్నం, మగవాళ్లకు రాత్రి, విడివిడిగా వేశాం. గదిలోకి వెళ్లే ముందు తలుపు దగ్గర సినిమా ఆపి, "ఇక్కడ మీరైతే ఏం చేస్తారు?" అని పిల్లలు అడిగేవారు. సినిమా కంటే ఆ ఆగడమే ఎక్కువసేపు సాగింది.

మగవాళ్ల ప్రశ్నలు బోటు చుట్టూ తిరిగాయి. ఒకే గాలం ఇద్దరి చేతుల్లో దిగితే? ఒకే బ్లేడుతో అందరం గెడ్డం గీసుకుంటే? ఇలా హెచ్‌ఐవీ వచ్చే అవకాశం చాలా తక్కువే గానీ హెపటైటిస్-బి అంటుకోగలదు, ఎవరి బ్లేడు వాళ్లుంచుకోండి అని చెప్పాం. ఒకే గిన్నెలో తింటే రాదు. కండోం మాట ఎత్తడానికి కుర్రాళ్లు మామల ముందు సిగ్గుపడ్డారు. రెండో రాత్రి వాళ్లు తప్పుకుని, చాలా ఏళ్లు బోటు నడిపి మానేసిన ఒక శ్రాంగు చేత చెప్పించారు. ఆయన ఏ సిగ్గూ లేకుండా చెప్పాడు, ఎవరూ నవ్వలేదు.

పని చేసిందా అంటే, ఎంతమంది పరీక్షకెళ్లారో నేను లెక్క అడగలేదు. ఇంత చిన్న పేటలో అంకె కూడా వేలు చూపిస్తుంది. నేను చూసింది ప్రశ్నల్లో మార్పు. మొదటి సినిమాకు వచ్చిన ప్రశ్న "ఎవరు". ఈసారి వచ్చినవి "ఏ బస్సు", "ఏ రోజు", "మన చుట్టాలు పనిచేయని ఆసుపత్రి ఏది". సరిహద్దు దాటి ఆంధ్రా ఆసుపత్రిలో చేయించుకోవచ్చా అని అడిగినవాళ్లున్నారు. తప్పకుండా చేయించుకోవచ్చు. సొంత ఊరికి దగ్గరలోనే అన్న మన సౌకర్యపు లెక్క ఇలాంటి చోట తిరగబడుతుంది.

ఈ పద్ధతిని వేరే పేటకు తీసుకెళ్లాలనుకుంటే సినిమాను కాపీ చేయొద్దని చెబుతాను. అక్కడి పిల్లలు అక్కడి ఆసుపత్రి తలుపు దాకా వెళ్లి రావాలి. మీరు తీసినదాన్ని ఇద్దరు పెద్ద ఆడవాళ్లకు ముందుగా చూపించి "ఇదెవరు?" అని అడగండి. వాళ్లు పేరు చెప్పగలిగితే ఆ ముక్క కోసేయండి, ఎంత బాగా వచ్చినా సరే.

తేలనిది

ఆడవాళ్ల మధ్యాహ్నం ఒకావిడ అడిగింది: "మేం ఎల్తాం సరే, ఆయన్ని రమ్మని ఎలగ అడిగేది?" సినిమాలో దానికి జవాబు లేదు. గర్భిణులకు మొదటి పరీక్షల్లోనే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. బిడ్డకు సోకకుండా మందు మొదలుపెట్టడానికి అది అవసరం. కానీ దానివల్ల చాలా ఇళ్లలో ముందుగా తెలిసేది భార్య సంగతి. ముందు తెలిసినవాళ్లే ముందు తెచ్చుకున్నవాళ్లని అత్తింట్లో తేల్చేస్తారు. కౌన్సెలింగ్ గదిలో ఈ గొడవ ఎన్నిసార్లు విన్నానో.

మూడో సినిమా దీని మీదే తీయాలని అమ్మాయిలు పట్టుబడుతున్నారు. చిక్కేమిటంటే ఇందులో భార్య, భర్త, అత్త లేకుండా కుదరదు. ముగ్గురు మనుషులను తెర మీదికి తెచ్చిన మరుక్షణం ముసలమ్మ ప్రశ్న తిరిగొస్తుంది. మనుషుల బదులు ఇద్దరి ఫోను సంభాషణ, తెర మీద సముద్రం మాత్రం అని ఒకరన్నారు. గొంతు గుర్తుపడతారని ఇంకొకరన్నారు. ఆంధ్రా పేటలోని ఒక బృందంతో గొంతులు మార్చుకుందాం, మన సినిమాకు వాళ్ల గొంతు, వాళ్ల సినిమాకు మనది అన్నది తాజా ప్రతిపాదన. ఇచ్ఛాపురం వైపు ఒక బృందంతో మాట్లాడుతున్నాం. కుదిరితే వచ్చే జూన్‌కు సిద్ధమవుతుంది.